మందుల సంచి బల్ల మీద పెట్టండి

రొళ్లకు కర్ణాటక ఎంతో దూరం కాదు. ఒంట్లో బాగాలేకపోతే కొందరు మడకశిర, హిందూపురం పోతారు, కొందరు శిర బస్సెక్కుతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో చాలామంది తమను ఎవరూ గుర్తుపట్టని ఊరు చూసుకుంటారు. హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ బిళ్ళలు ఒకచోట, షుగర్‌కు ఇంకో డాక్టరు, కడుపుమంటకు ఊళ్లో మెడికల్ షాపు. ఒకరిచ్చింది మరొకరికి తెలియదు. ఎవరైనా గుర్తుపడతారన్న ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ వేర్వేరు ఊళ్లలో తెచ్చుకున్న బిళ్ళలు చివరికి ఒకే కడుపులో కలుస్తాయి.

ఇప్పుడు ఎక్కువమందికి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న బిళ్ళలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉంటాయి. మూడోది గట్టి మందే. అయినా అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ తోడైతే ఒంటికి సరిగా పట్టదు. సిరప్‌కు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలకూ అదే లెక్క, భోజనంతోనైతే కలిపి మింగొచ్చు. మెట్‌ఫార్మిన్‌తో వ్యవహారం వేరు: ఒంట్లో ఆ షుగర్ మందే పెరిగిపోతుంది, అందుకే డాక్టర్లు సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది టీబీ విషయంలో. టీబీకి వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది, కాబట్టి డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కావాలి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్‌లు కూడా డోలుటెగ్రావిర్ బలం తగ్గిస్తాయి. ధర్మవరం దగ్గర బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రి హెచ్‌ఐవీ, టీబీ రెండూ ఉన్నవాళ్లను ఏళ్లుగా చూస్తోంది. మన పక్క ఈ రెండూ కలిసి రావడం అరుదైన సంగతి కాదు.

డాక్టరు ముందు నోరు పెగలడం లేదా? జబ్బు పేరుతో మొదలుపెట్టక్కర్లేదు. వాడుతున్నవన్నీ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, “సార్, ఇవి రోజూ వేసుకుంటున్నా. మీరు రాసేది వీటితో పడుతుందా?” అనండి. ఇంట్లో ఒకటి రెండుసార్లు పైకి అని చూసుకుంటే అక్కడ తడబడరు. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్నీ, మీ ఒప్పుదల లేకుండా ఆ విషయం బయటపెట్టడాన్నీ 2017 నాటి చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఊళ్లో షాపులో అడగడం మరీ కష్టమైతే కొత్త చీటీని ఫోటో తీసి ఏఆర్‌టీ సెంటర్‌లో చూపించండి, లేదా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. డబ్బు పడదు.

జవాబు వచ్చేదాకా ఏఆర్‌టీ బిళ్ళ మాత్రం ఒక్కపూట కూడా ఆపకండి. టీబీ, మూర్ఛ మందులనూ సొంతంగా మానొద్దు.