ఏ ఆజ్ఞ శిరోధార్యం?

ఆకాశం అపారమైనదే అయినా విమానాల మార్గాలు నిర్ణీతమైనవి. అవి ఒకదానికొకటి అడ్డురాకుండా భూమి మీది నియంత్రణాధికారులు రేడియో ద్వారా దారి చూపుతుంటారు. వారు పొరబడినా ప్రమాదం తప్పించడానికి విమానంలోనే ‘టీకాస్’ అనే హెచ్చరిక యంత్రం ఉంటుంది. అది సమీప విమానాలకు రేడియో సంకేతాలు పంపి, వాటి ప్రత్యుత్తరాలను బట్టి దూరాన్నీ ఎత్తునూ గణిస్తుంది. అపాయం ముంచుకొస్తే రెండు యంత్రాలూ పరస్పరం సంప్రదించుకొని, ఒక విమానాన్ని పైకి వెళ్లమనీ, మరొకదానిని కిందికి దిగమనీ ఆదేశిస్తాయి.

2001 జనవరి 31న జపాన్ గగనతలంలో ఇద్దరు పైలట్లకు కఠిన పరీక్ష ఎదురైంది. శిక్షణలో ఉన్న నియంత్రణాధికారి విమానాల సంఖ్యలను తారుమారు చేసి, ఒకదానికి బదులు మరొకదానిని దిగమన్నారు. టీకాస్ దానిని పైకి వెళ్లమంది. అప్పటికే దిగనారంభించిన పైలట్ అధికారి మాటనే పాటించారు. రెండవ విమానం తన టీకాస్ చెప్పినట్లు దిగసాగింది. చివరి క్షణంలో పైలట్లు కళ్లారా చూసి తప్పుకోవడంతో 677 మంది ప్రాణాలు దక్కాయి. ఆ కుదుపులకు సుమారు 100 మంది గాయపడ్డారు.

2002 జూలై 1న జర్మనీలోని ఉబెర్లింగెన్ వద్ద ఆ అదృష్టం దక్కలేదు. అక్కడా అధికారి దిగమన్నారు, టీకాస్ ఎక్కమంది. అధికారి మాట విన్న రష్యా విమానం సరుకుల విమానాన్ని ఢీకొని 71 మంది మరణించారు.

2003లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాన్ని స్పష్టపరచింది. ఆజ్ఞలు పరస్పర విరుద్ధమైతే పైలట్ టీకాస్‌నే అనుసరించాలి. రెండు విమానాలకూ పొంతన గల ఆదేశమిచ్చేది అదే. ఒకరు దానిని కాదంటే రెండవవారి విధేయతే ప్రాణాంతకమవుతుంది. రక్షించే యంత్రం ఉన్నంత మాత్రాన చాలదు. ఆపత్కాలంలో ఎవరి మాట వినాలో ముందుగానే తేలి ఉండాలి.