అంబులెన్సు సిబ్బంది గ్రేడు: పేరును బట్టియా, పనిని బట్టియా?

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో జీతాన్ని ‘సంబళం’ అనే వాడుక ఉన్నది. తమిళ ప్రభుత్వ పత్రాలలో అదే ‘ఊదియం’. ఈ రెండు మాటలూ నెల చివర చేతికందే మొత్తాన్నే సూచిస్తాయి. కార్మిక సంఘాల కోరికల పత్రాలలో మాత్రం వీటి పక్కన మరొక మాట కూడా కనిపిస్తుంది: ‘పణి మూప్పు’, అనగా ఉద్యోగంలో గడచిన ఏళ్ల లెక్క. జీతం ఎంత అన్న ప్రశ్నకూ, ఆ ఉద్యోగాన్ని ఏ గ్రేడులో నిలిపారు, ఏళ్లు గడచిన కొద్దీ ఆ గ్రేడు పెరుగుతుందా అన్న ప్రశ్నకూ చాలా భేదమున్నది. ఈ భేదం 108 అంబులెన్సు సిబ్బంది విషయంలో స్పష్టంగా కనబడుతుంది.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, 2008 సెప్టెంబర్ 15న తమిళనాడుకు వచ్చింది. ధనం ప్రభుత్వానిది, నిర్వహణ ఒప్పందం పొందిన సంస్థది. బండిలో ఇద్దరుంటారు. నడిపేవారిని పైలట్ అనీ, రోగిని చూసుకునేవారిని ఈఎంటీ అనీ పిలుస్తారు. ఈఎంటీ అంటే అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు. వీరు ప్రభుత్వ బండిలో, ప్రభుత్వ ఆసుపత్రికి, ప్రభుత్వం నిర్ణయించిన నంబరుపై పని చేసినా ప్రభుత్వోద్యోగులు కారు. వారికి నియామక పత్రం ఇచ్చేది నిర్వాహక సంస్థ.

ఈ ప్రాంతంలో వారి పని ఎటువంటిదో స్థానికులకు వివరించనక్కర లేదు. 44వ జాతీయ రహదారి కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ మీదుగా మదురై వైపు సాగుతుంది. దాని చుట్టూ అగ్గిపెట్టెల కర్మాగారాలు, శివకాశి వైపు బాణసంచా కర్మాగారాలు ఉన్నాయి. 2012 సెప్టెంబర్ 5న శివకాశి సమీపంలోని ముదలిపట్టిలోనూ, 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు సమీపంలోని అచ్చంకుళంలోనూ జరిగిన పేలుళ్లలో పదుల సంఖ్యలో కార్మికులు మరణించారు. విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమయింది; అంతకు ముందు తీవ్రంగా కాలిన వారిని మదురైకో తిరునెల్వేలికో చేర్చవలసి వచ్చేది. కోవిల్‌పట్టి నుండి తిరునెల్వేలికి సుమారు 55 కిలోమీటర్లు. ఆ దూరమంతా కాలిన మనిషి ఊపిరి ఆడుతున్నదా, గొంతు వాస్తున్నదా అని కనిపెట్టుకొని ఉండడం, ఆక్సిజన్ అందించడం, సెలైన్ ఎక్కుతున్నదో లేదో చూడడం ఈఎంటీ పని. పైలట్ స్టీరింగు వద్దే కూర్చుండిపోడు. స్ట్రెచర్ ఒక చివర పట్టేది అతడే. గుండె ఆగిన రోగి ఛాతీని నొక్కవలసి వస్తే సహాయపడేదీ అతడే. ప్రసవాలు, పాముకాట్లు, రోడ్డు ప్రమాదాలు ఇక నిత్యకృత్యం.

అయినప్పటికీ కాగితంపై ఒకరు ‘డ్రైవరు’, మరొకరు ‘టెక్నీషియను’. ఈ పేర్లు నిరపాయకరమైనవి కావు. పేరు డ్రైవరైతే ఆ ఉద్యోగాన్ని సరుకుల వ్యాను నడిపే ఉద్యోగంతో పోల్చి జీతం కట్టడం సులభమవుతుంది. విచిత్రమేమంటే, డ్రైవరు అన్న పేరు వలన కలుగవలసిన రక్షణ మాత్రం వీరికి అందలేదు. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి విధించిన 1961 నాటి చట్టంలోనే, రోగులను, క్షతగాత్రులను తీసుకువెళ్లే వాహనాలకు ఆ చట్టం వర్తించదని 38వ సెక్షన్ చెప్పింది. అత్యవసర సేవ ఆగరాదన్నది దాని ఉద్దేశం కావచ్చు. బండి ఆగకుండా ఉండాలంటే మనుషులు మారాలి గాని, ఒకే మనిషి గంటల తరబడి నడపనక్కర లేదు. తమిళనాడులోనూ తెలుగు రాష్ట్రాలలోనూ 108 కార్మిక సంఘాలు 12 గంటల షిఫ్టును 8 గంటలకు తగ్గించాలని పదేపదే కోరడానికి కారణమిదే. 12 గంటల పనికి 8 గంటల గ్రేడు కట్టితే గంట విలువ మూడింట ఒక వంతు తగ్గుతుంది. గ్రేడు కోరికనూ పనివేళల కోరికనూ సంఘాలు విడదీయకపోవడంలో ఈ లెక్క ఉన్నది.

పేరు కాదు, పని చూడవలెనన్న వాదానికి ఈ దేశంలో గట్టి ఆధారం ఒక డ్రైవరు వేసిన కేసులోనే లభించింది. ఢిల్లీ పోలీసు దళంలో డ్రైవర్ కానిస్టేబులుగా ఉన్న రణధీర్ సింగ్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అతని వంటి వారిలో మెట్రిక్ చదవనివారి స్కేలు 210–270 రూపాయలు, చదివినవారిది 225–308. రైల్వే రక్షణ దళపు డ్రైవర్ల స్కేలు మాత్రం 260–400. శాఖలు వేరు కనుక పోలిక చెల్లదని ప్రభుత్వం వాదించింది. 1982 ఫిబ్రవరి 22న తీర్పు చెప్పిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి, ఆ వాదాన్ని అంగీకరించలేదు. డ్రైవర్ కానిస్టేబుళ్ల బాధ్యతలు మిగిలిన డ్రైవర్ల కంటె ఎక్కువే గాని తక్కువ కావన్నారు. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగంలోని 39(డి) అధికరణంలో ఆదేశిక సూత్రం మాత్రమే అయినా, సమానత్వాన్ని చెప్పే 14, 16 అధికరణాలతో కలిపి చదివితే అది అమలు చేయదగిన హక్కు అవుతుందని నిర్ణయించారు. రైల్వే దళంతో సమానమైన స్కేలును 1973 జనవరి 1 నుండి వర్తింపజేయాలని ఆదేశించారు. తొమ్మిదేళ్ల వెనుకటి తేదీ నుండి అన్నమాట.

2016 అక్టోబర్ 26న పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ జగజీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని తాత్కాలిక, దినకూలి, కాంట్రాక్టు ఉద్యోగులకు కూడా విస్తరించింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనినే చేస్తున్న తాత్కాలికోద్యోగికి ఆ స్కేలులోని కనీస వేతనం రావాలన్నది. అయితే ఆ తీర్పు రెండు విషయాలలో జాగ్రత్త వహించింది. పని ఒకటేనని నిరూపించే భారం అడిగేవారిదే. హోదా పేరు కలిసినంత మాత్రాన చాలదు. బాధ్యత, అర్హత, నమ్మకం అన్నీ కలవాలి. పైగా ఆ కేసులోని ఉద్యోగులను ప్రభుత్వం నేరుగా నియమించుకున్నది. 108 సిబ్బందికీ ప్రభుత్వానికీ మధ్య ఒక సంస్థ నిలబడి ఉన్నది. కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో వచ్చిన కేంద్ర నియమాలలో, కాంట్రాక్టరు మనుషులు ప్రధాన యజమాని మనుషులతో ఒకే విధమైన పని చేస్తే ఒకే వేతనం ఇవ్వాలన్న షరతు ఉండేది. కాని జిల్లా ఆసుపత్రిలో 108 పైలట్‌తో సరిపోల్చదగిన రెగ్యులర్ ఉద్యోగి ఎవరు? ఆసుపత్రి బండి డ్రైవరా, స్ట్రెచర్ తోసే సహాయకుడా, ఇద్దరూ కలిసిన మనిషా? పోల్చదగిన ఉద్యోగి లేనప్పుడు సమాన వేతనపు వాదం బలహీనపడుతుంది. అందువలన సంఘాలు కోర్టు కంటె ప్రభుత్వపు ఒప్పంద షరతులపైనే ఎక్కువ ఒత్తిడి తెచ్చాయి.

ఆ దారిలో ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఒక మార్పు వచ్చింది. జూలై 1న విజయవాడలో 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను ప్రారంభించినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కొత్త జీతాలను ప్రకటించారు. అంతవరకు 10,000 రూపాయలుగా ఉన్న పైలట్ జీతం సర్వీసును బట్టి 18,000 నుండి 28,000 వరకు, 12,000గా ఉన్న ఈఎంటీ జీతం 20,000 నుండి 30,000 వరకు అని ఆ ప్రకటన. ఇందులో చూడవలసినది పెరిగిన మొత్తం ఒక్కటే కాదు. ‘సర్వీసును బట్టి’ అన్న మాట అంతకంటె ముఖ్యమైనది. కొత్తగా చేరినవారికీ, ఏళ్ల తరబడి ఆ బండిలో గడిపినవారికీ మధ్య 10,000 రూపాయల తేడాను ఆ మాట గుర్తించింది.

అయితే మెట్లు కట్టడం ఒక ఎత్తు, ఆ మెట్లపై నిలిచి ఉండడం మరొక ఎత్తు. ఆంధ్రప్రదేశ్‌లో 108 నిర్వహణ 2017లో జీవీకే ఈఎంఆర్ఐ నుండి బీవీజీ సంస్థకు, 2020లో అరబిందో సంస్థకు మారింది. బండి అదే, దారి అదే, మనిషి అతడే. నియామక పత్రంపై యజమాని పేరు మాత్రం వేరు. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. ప్రతి మార్పుతో లెక్క మొదటికి వస్తే పదేళ్ల పైలట్ కాగితంపై కొత్తవాడే అవుతాడు. కనుక పాత సంస్థలో చేసిన ఏళ్లను కొత్త సంస్థ లెక్కలోకి తీసుకోవాలన్న షరతు టెండరులోనే లేకపోతే, ఎంత మంచి స్కేలైనా ఆ టెండరు గడువు వరకే. మరొక చిక్కు కూడా ఉన్నది. ఈఎస్ఐ వైద్య సౌకర్యం వర్తించే వేతన పరిమితి 2017 జనవరి నుండి నెలకు 21,000 రూపాయలు. గ్రేడు పెరిగి ఆ గీత దాటిన ఉద్యోగి కుటుంబం ఈఎస్ఐ ఆసుపత్రిని కోల్పోతుంది. దానికి బదులు బీమా అడగని కోరికల పత్రం అసంపూర్ణమే.

పనిని తూచి గ్రేడు కట్టే పద్ధతికి బ్రిటన్ అనుభవం పరిశీలింపదగినది. అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో 2004 నుండి ప్రతి ఉద్యోగాన్ని 16 అంశాలపై కొలుస్తారు. చదువు, అనుభవం, బాధ్యత మాత్రమే కాక శారీరక శ్రమ, మానసిక శ్రమ, పని పరిసరాలు కూడా వాటిలో ఉన్నాయి. చచ్చిన బిడ్డను తల్లి చేతి నుండి అందుకోవలసి రావడం అక్కడి లెక్కలో మార్కులున్న విషయం. అంబులెన్సు పారామెడిక్కులు తమ పని పాత వర్ణన కంటె పెరిగిందని వాదించి, 2016 డిసెంబరులో ఇంగ్లాండులో 5వ బ్యాండు నుండి 6వ బ్యాండుకు మార్పు సాధించారు. తరువాత యూనిసన్ సంఘం ఆసుపత్రి సహాయకుల విషయం చేపట్టింది. రక్తపోటు చూడడం, రక్తం తీయడం వంటి పనులు చేస్తూ 2వ బ్యాండులోనే ఉన్నవారు 3వ బ్యాండుకు రావాలన్నది కోరిక. అనేక చోట్ల వెనుకటి బకాయిలతో సహా నెరవేరింది. ఈ పద్ధతిలో ఉద్యోగి ‘నాకు చాలదు’ అని చెప్పనక్కర లేదు. తాను చేస్తున్నదేమిటో, కాగితంలో ఉన్నదేమిటో పక్కపక్కన పెట్టి చూపితే చాలును.

భారతదేశంలో అటువంటి తూకానికి ఒక కొస 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో దొరుకుతుంది. దాని షెడ్యూలులో అత్యవసర వైద్య టెక్నాలజిస్టు ఒక గుర్తింపు పొందిన వృత్తి. కాని చట్టం కోరే చదువు కనీసం 2,000 గంటలది. చిన్న శిక్షణతో చేరి, పదేళ్లుగా బండిలోనే పని నేర్చిన ఈఎంటీల అనుభవాన్ని ఆ గంటలలో ఎలా లెక్కించాలన్నది ఇకపై సంఘాలు తేల్చుకోవలసిన ప్రశ్న. తేలకపోతే, వృత్తికి గౌరవం పెరిగిన నాడే పాతవారు కింది మెట్టుకు జారుతారు.

సమ్మె విషయంలో ఒక చట్టపరమైన మార్పును గమనించాలి. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు లేనిదే సమ్మె చెల్లదు. కార్మిక శాఖ రాజీ చర్చలు నడుస్తుండగానూ, అవి ముగిసిన ఏడు రోజుల వరకూ సమ్మె చేయరాదు. అందుచేత చర్చల బల్ల వద్దకు ఏ కాగితాలతో వెళ్తారన్నది మునుపటి కంటె ముఖ్యమయింది. అక్కడ పనికి వచ్చేవి నియామక పత్రం, ప్రతి నెల జీతపు చీటీ, పీఎఫ్ ఖాతాలో యజమాని పేరు మారిన తేదీలు, షిఫ్టు ఆరంభ, అంత్య సమయాలు, ఒక్కొక్క షిఫ్టులో వచ్చిన పిలుపుల సంఖ్య. రోగి పేరు రాయకుండా, ఆ పిలుపులో తాను చేసిన పనిని ఒక్క వాక్యంలో రాసి ఉంచుకోవచ్చు. నోటీసులూ చర్చల నమోదులూ తమిళంలోనే ఉంటాయి. తమిళం మాట్లాడగలిగి చదవలేని తెలుగు ఉద్యోగులు సంతకానికి ముందు ‘ఊదియం’, ‘పణి మూప్పు’, ‘వేలై నేరం’ అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో, వాటి ఎదుట ఏ అంకెలు ఉన్నాయో చదివించుకోవాలి. మూడవది పనివేళలకు తమిళమాట. జీతం పెరిగినట్లు కనబడే ఒప్పందాలలో ముందుగా చూడవలసిన అంకె దాని పక్కనే ఉంటుంది.