కుళాయి సన్నగా ఎందుకు వస్తోంది?



ప్రొద్దున కుళాయిల దగ్గర మనం రోజూ వినే మాట "ట్యాంకులో నీళ్లు అయిపోయాయిరా" అని. నిచ్చెన ఎక్కి చూస్తే ట్యాంకు సగానికి పైనే ఉంటుంది. మరి చివరి కుళాయి దగ్గర మూడు, నాలుగు తరగతుల తమ్ముళ్లకు బకెట్ ఎందుకు నిండటం లేదు? స్నానం లేకుండానే ప్రార్థనకు ఎందుకు పరిగెత్తాల్సి వస్తోంది? దీని కారణం సైన్సులో ఉంది. తెలుసుకుందాం.

పీడనం అంటే ఏమిటి?

నీటికి బరువు ఉంది. పైనున్న నీరు కింది నీటిని నొక్కుతుంది. దీన్ని పుస్తకంలో పీడనం అంటారు, మనం ఫోర్సు అంటాం. 1 చదరపు సెంటీమీటరు అడుగు ఉన్న గొట్టంలో 10 మీటర్ల ఎత్తు నీళ్లు పోస్తే అవి 1000 ఘన సెంటీమీటర్లు, అంటే 1 కిలో. కాబట్టి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు 1 కిలో ఫోర్సు. మన ట్యాంకు నీటి మట్టం కుళాయి కంటే సుమారు 4 మీటర్లు ఎత్తు. అంటే మనకు దొరికేది 0.4 కిలో మాత్రమే.

ఈ లెక్కలో ట్యాంకు వెడల్పు ఎక్కడా రాలేదు, చూశారా! ట్యాంకు ఎంత పెద్దదైనా ఫోర్సు పెరగదు. ఎత్తు పెరిగితేనే పెరుగుతుంది. పాడేరు, అరకు వైపు కొన్ని కొండ ఊళ్లలో పైనున్న ఊట నీళ్లను పైపులో కిందికి దించుకుంటారు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కొండ ఎత్తే వాళ్లకు మోటారు.

చేసి చూడండి: ఖాళీ నూనె డబ్బాకు పైన, మధ్యన, కింద మేకుతో ఒకే సైజు రంధ్రాలు చేయండి. నీళ్లు నింపి ఎత్తయిన గోడ అంచున పెట్టండి. కింది రంధ్రం నీళ్లే అన్నిటికన్నా దూరం పడతాయి.

దారిలో ఫోర్సు ఎలా పోతుంది?

పారే నీరు పైపు గోడలకు రాసుకుంటుంది. పైపు పొడవైనా, సన్నమైనా, బెండ్లు ఎక్కువున్నా, లోపల తుప్పు, మట్టి పట్టినా ఫోర్సు తగ్గుతుంది. నీరు ఎంత జోరుగా పారితే నష్టం అంత ఎక్కువ.

మేము కొలిచిన లెక్క

మా తరగతివాళ్లం ఒక ఆదివారం 15 లీటర్ల బకెట్, చేతి గడియారం పట్టుకుని మన ఎనిమిది కుళాయిలనూ కొలిచాం.
మొదటి కుళాయి ఒక్కటే తెరిస్తే: 1 నిమిషం 30 సెకన్లు.
చివరిది ఒక్కటే తెరిస్తే: 2 నిమిషాలు.
ఎనిమిదీ తెరిస్తే మొదటిది: 2 నిమిషాలు. చివరిది: 9 నిమిషాలు!

చివరి కుళాయి ఒంటరిగా బాగానే వస్తోంది కాబట్టి అది పూడుకుపోలేదు. కారణం పంపకంలో ఉంది. మన మెయిన్ పైపు 1 అంగుళం, కుళాయి పైపు అర అంగుళం. 1 అంగుళం పైపు లోపలి వైశాల్యం అర అంగుళం దానికి 4 రెట్లు. అంటే నాలుగు కుళాయిలకు సరిపోయే దారిలో ఎనిమిదింటికి నీళ్లు పోవాలి. ముందున్నవి లాగేసుకుంటే చివరిదానికి మిగిలేది సన్నటి ధార. ఎనిమిదీ తిప్పినంత మాత్రాన నీళ్లు రెట్టింపు కావు.

లోపం ఎక్కడో ఎలా కనిపెట్టాలి?

ఇంటి దగ్గరైనా ఇదే పద్ధతి.
1. ఒక్క కుళాయే సన్నగా వస్తే: లోపం ఆ కుళాయిలోనే. పైన వాల్వు కట్టేసి, కుళాయి విప్పి, మట్టి కడగాలి. వాషర్ చూడాలి.
2. అన్నీ ఎప్పుడూ సన్నగానే వస్తే: ట్యాంకు దగ్గర చూడాలి. గేటు వాల్వు సగమే తెరిచి ఉండొచ్చు. అడుగున మట్టి పేరుకుని పైపు మూతి మూసుకోవచ్చు.
3. బుస్ బుస్ మని ఆగి ఆగి వస్తే: ట్యాంకు ఖాళీ అయినప్పుడు పైపులో గాలి చేరింది. అన్నిటికన్నా కింద ఉన్న కుళాయిని పూర్తిగా తెరిచి కాసేపు వదిలితే గాలి పోతుంది. ఆ నీళ్లు బకెట్లో పట్టి మొక్కలకు పోయండి.
4. అందరూ తెరిచినప్పుడే సన్నగా వస్తే: పైపు చాలడం లేదు. మనది ఇదే.

ఏం చేయాలి?

పెద్ద తరగతుల అన్నలకు మనవి. 5:30 నుంచి 6 గంటల దాకా చివరి నాలుగు కుళాయిలే తెరుద్దాం, చిన్నవాళ్లు స్నానం చేస్తారు. తర్వాత మొదటి నాలుగు మనవి. రాత్రి పడుకునే ముందు సిమెంటు తొట్టి నింపితే ప్రొద్దున చెంబుతోనే పని అయిపోతుంది. కారే కుళాయికి వాషర్ వెంటనే మార్చాలి.

వార్డెన్ గారికి మనవి. ఈసారి రిపేరు వచ్చినప్పుడు మెయిన్ పైపు 1 అంగుళం బదులు ఒకటిన్నర అంగుళం వేయించగలరు. దాని వైశాల్యం అర అంగుళానికి 9 రెట్లు. కుళాయిలు ఎనిమిదే కాబట్టి అందరికీ సరిపోతుంది.

మీకు ప్రశ్న: ట్యాంకును ఇంకో 2 మీటర్లు పైకి ఎత్తితే కుళాయి దగ్గర ఫోర్సు ఎంత అవుతుంది? జవాబు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.

— 9వ తరగతి విద్యార్థి