పాత ప్లాస్టిక్ రేకులతో కోళ్ల ఆవరణకు కప్పు

పాడి ఉన్న ఇంట పది కోళ్లు కూడా ఉండడం మన పల్లెల్లో మామూలే. పాల డబ్బు సంఘం లెక్క ప్రకారం వస్తుంది. గుడ్ల డబ్బు ఏ రోజుకారోజు ఇల్లాలి చేతిలో పడుతుంది. ఆ కోళ్లకు ప్రత్యేకంగా ఒక చోటు లేకపోతే అవి గేదెల గాడిలో గింజలు ఏరుకుంటాయి, అక్కడే రెట్ట వేస్తాయి, గడ్డివాము గీరుతాయి. కంచె కట్టడానికి చాలామంది సిద్ధమే. పైకప్పు ఖర్చు దగ్గరే వెనుకాడతారు. అయితే వరండాకో, కొట్టానికో కొత్త రేకులు వేసినప్పుడు దించిన పాత ప్లాస్టిక్ రేకులు ఎన్నో ఇళ్లలో గోడవారన పడి ఉన్నాయి. వాటిని కోళ్ల ఆవరణకు ఎలా వాడుకోవచ్చో, ఎక్కడ వాడకూడదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కప్పు ఎందుకు?

మొదటి కారణం తడి. కోళ్లకు వచ్చే రక్తపారుడు జబ్బు కారకాలు రెట్టతో నేలమీద పడతాయి. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజులలోనే అవి ఇతర కోళ్లకు అంటుకునే స్థితికి వస్తాయి. నేల పొడిగా ఉంటే వాటి బలం తగ్గుతుంది.

రెండవ కారణం పై నుంచి పడే రెట్ట. కాకులు, కొంగలు, నీటి పక్షులు రోగాలు మోసుకు వస్తాయి. వల కట్టితే గద్ద ఆగుతుంది గాని రెట్ట ఆగదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను బర్డ్ ఫ్లూ వచ్చింది. 2024 మార్చిలో అమెరికాలో ఇదే జాతి వైరస్ పాడి ఆవులలో కూడా బయటపడింది. కాబట్టి కోళ్లను, పశువులను వేరువేరుగా ఉంచడం పాడి రైతుకు కూడా అవసరమైన జాగ్రత్తే. పాలు కాచి తాగే మన అలవాటును ఎన్నడూ వదలరాదు.

కప్పు ఉన్నంత మాత్రాన టీకాలు అక్కర లేదనుకోరాదు. కొక్కెర తెగులుకు టీకా వేయించవలసిందే.

ఏ రేకులు పనికివస్తాయి?

పల్లెల్లో దొరికే పాత రేకులు ముఖ్యంగా మూడు రకాలు: పి.వి.సి. రేకులు, గాజునారతో చేసిన ఫైబర్ రేకులు, పాలీకార్బొనేట్ రేకులు. ఎండకు ఏళ్ల తరబడి ఉన్న రేకు పెళుసెక్కుతుంది. అందుచేత ప్రతి రేకునూ ఇలా పరీక్షించండి.

1. రెండు చివరలా పట్టుకుని నెమ్మదిగా వంచండి. చిటపటమని చప్పుడు వచ్చినా, పగులు కనిపించినా దానిని పక్కన పెట్టండి.

2. సూర్యుని వైపు ఎత్తి చూడండి. సన్నని రంధ్రాలు, చీలికలు బయటపడతాయి.

3. ఫైబర్ రేకు పైన నారపోగులు లేచి ఉన్నాయేమో చూడండి. లేచి ఉంటే ఆ రేకు వద్దు. ఆ పోగులు ఒంటికి తగిలితే దురద, కంటిలో పడితే బాధ.

4. రేకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి. పురుగుమందుల గోదాము నుంచి దించిన రేకును కోళ్లకు వాడకండి.

బూడిద రంగు సిమెంటు రేకును ప్లాస్టిక్ రేకుతో కలిపి లెక్కించకండి. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దానిని రంపంతో కోసినా, పగలగొట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. ఈ పనికి దానిని ముట్టుకోవద్దు. థర్మోకోల్ అంటించిన రేకు కూడా వద్దు. కోళ్లు దానిని పొడిచి తింటాయి.

కడగడం, కోయడం

రేకులను బట్టల సోడా కలిపిన నీటితో రెండు వైపులా రుద్ది, మంచినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఇది వరకు కోళ్ల షెడ్డుపై ఉన్న రేకు అయితే వంపుల్లో, మేకు రంధ్రాల్లో గోమార్లు దాగి ఉండవచ్చు. అక్కడ మరింత శ్రద్ధగా రుద్దాలి.

కోయవలసి వస్తే పశువుల కొట్టానికి, మేతకు, నీటి తొట్టికి దూరంగా కోయండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, రేకును తడుపుతూ సన్నపళ్ల రంపంతో కోస్తే దుమ్ము లేవదు, అంచు పగలదు. పొట్టును గుడ్డతో ఎత్తి వేయాలి. మిగిలిన ముక్కలను కాల్చకండి. పి.వి.సి. కాలితే ఘాటైన ఆమ్లవాయువు వస్తుంది. ముక్కలను పాత సామాన్ల వారికి ఇవ్వండి.

కొలతలు: ఒక ఉదాహరణ

పది కోళ్లకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల ఆవరణ తీసుకుందాం. అంటే కోడి ఒక్కింటికి 12 చదరపు అడుగులు. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే లోపలికి ఎండ తక్కువ పడుతుంది.

కప్పు వాలు అడుగుకు 2 అంగుళాలు ఉండాలి. 10 అడుగులకు 20 అంగుళాలు. పల్లపు వైపు గుంజలు నేలపైన 6 అడుగులు ఉంటే ఎత్తు వైపు గుంజలు 7 అడుగుల 8 అంగుళాలు ఉండాలి. వాలు వెంట కొలిస్తే ఇది సుమారు 10 అడుగుల 2 అంగుళాలు అవుతుంది.

మన దగ్గర 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు రేకులున్నాయనుకుందాం. వాలు వెంట రెండు రేకులు వేసి, 8 అంగుళాలు ఒకదానిపై ఒకటి ఎక్కిస్తే 11 అడుగుల 4 అంగుళాలు వస్తాయి. రెండు వైపులా 7 అంగుళాల చొప్పున చూరు మిగులుతుంది. పొడవు వెంట ఐదు రేకులు, పక్క అతుకుకు 6 అంగుళాల చొప్పున ఎక్కిస్తే 13 అడుగులు కప్పుతాయి. మొత్తం 10 రేకులు చాలు.

పాత రేకుకు బలం తక్కువ కనుక అడ్డవాసాలు దగ్గరగా వేయాలి. ఇక్కడ 7 వాసాలను సుమారు 20 అంగుళాలకు ఒకటి చొప్పున పేర్చండి. అప్పుడు నాలుగవ వాసం సరిగ్గా రేకుల అతుకు కిందికి వస్తుంది. అతుకు కింద వాసం లేకపోతే మొదటి గాలివానకే అక్కడ లేస్తుంది.

బిగించే విధానం

పల్లపు వరుసను ముందు వేయాలి. ఎగువ రేకు దిగువ రేకు మీదికి రావాలి. పక్క అతుకుల విషయంలో, వానగాలి వచ్చే దిక్కుకు ఎదుటి చివర నుంచి మొదలు పెట్టి గాలి వచ్చే దిక్కుకు సాగండి. అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు.

స్క్రూను రేకు ఎత్తు వంపు మీద బిగించాలి, నీరు పారే పల్లపు వంపులో కాదు. సుత్తితో మేకు కొడితే పాత రేకు చిట్లుతుంది. బరమాతో ముందుగా రంధ్రం చేయాలి. ఆ రంధ్రం స్క్రూ కంటె కాస్త పెద్దదిగా ఉండాలి. ఎందుకంటే ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది. రేకు వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే 6 అడుగుల పి.వి.సి. రేకు సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగడానికి చోటు లేని రేకు స్క్రూ దగ్గరే పగులుతుంది. స్క్రూ కింద వెడల్పాటి రబ్బరు వాషరు వేసి, రేకు నొక్కుకుపోకుండా బిగించాలి.

పాత రంధ్రాలను సిలికాన్ జిగురుతో మూయండి. పని చేసేటప్పుడు రేకు మీద కాలు పెట్టకండి. కింద వాసాలకు ఆనేటట్లు పలక వేసుకుని దానిమీద నిలబడండి.

ఈ కప్పుపై ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 135 లీటర్ల నీరు చూరు నుంచి దిగుతుంది. దానికి కాలువ తీసి, పశువుల కొట్టం వైపు రాకుండా మళ్లించాలి. లోపల నేలను చుట్టుపక్కల కంటె ఎత్తు చేసి, 2, 3 అంగుళాల మందాన వరి ఊక పరచండి.

ఎండ, గాలి

ఎండ దూరే రేకు కింద వేసవిలో గాలి ఉడికిపోతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. ఆ రొప్పు చాలనప్పుడు మేత మానేస్తుంది, గుడ్లు తగ్గుతాయి, చివరకు చనిపోతుంది. కాబట్టి వానాకాలానికి వేసిన కప్పును వేసవికి ముందు మరొకసారి సిద్ధం చేసుకోవాలి. రేకులపై తాటాకులు గాని కొబ్బరాకు తడికలు గాని పరచి కట్టండి. పొయ్యికి దూరంగా ఉండేటట్లు చూసుకోండి. లేదా పైన చిక్కగా సున్నం వేయండి. నాలుగు పక్కలా గోడ కట్టకండి, రేకులతో మూయకండి. ఇనుప వల మాత్రమే బిగించండి. కుక్క, ముంగిస తవ్వకుండా వల అడుగును ఒక అడుగు లోతు పాతిపెట్టండి.

కోస్తా సభ్యులకు తుఫాను గాలి సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో, 2014 అక్టోబరు 12న విశాఖలో ఆ గాలి బలం చూశాం. ఊడి ఎగిరిన రేకు కత్తితో సమానం, మనిషినీ పశువునూ కోస్తుంది. గుంజలను రెండు అడుగుల లోతు పాతి, వాసాలను ఇనుప తీగతో గుంజలకు కట్టండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు గాలి రాకముందే రేకులు విప్పి, పేర్చి, బరువు పెట్టి కట్టివేయడం మేలు. స్క్రూలతో బిగించిన కప్పుకు ఆ సౌకర్యం ఉంది.

గేదె కడుపులోకి పోరాదు

పాడి రైతు అన్నిటికంటె ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇది. పశువు మేతను నమలకుండా గబగబ మింగి, తరువాత నెమరు వేస్తుంది. మేతలో మేకు, తీగముక్క ఉంటే అదీ లోపలికి పోతుంది. అది రెండవ పొట్టలో నిలిచి, పొట్ట గోడను పొడుచుకుని, పక్కనే ఉన్న గుండె వరకు పోగలదు. అటువంటి పశువు మేత మానుతుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి, నడవడానికి వెనుకాడుతుంది. చాలాసార్లు దక్కదు. ప్లాస్టిక్ ముక్కలు మొదటి పొట్టలో పేరుకుని అరుగుదలను చెడగొడతాయి.

అందుచేత పని మొదలు పెట్టే ముందు స్క్రూలు లెక్కపెట్టి డబ్బాలో పోసుకోండి. అయిపోయాక మిగిలినవి లెక్క చూడండి. తీగ తుంపులను అప్పటికప్పుడు ఏరండి. చివరకు ఒక అయస్కాంతాన్ని తాడుకు కట్టి నేలమీద ఈడ్చండి. ఆ తరువాతే పశువులను అటు రానివ్వండి. కోళ్ల ఆవరణ నుంచి తీసిన ఊకను పొలానికి ఎరువుగా వేయండి. దానిని పశువుల మేతలో కలపరాదు, ప్రాణాంతకమైన బొటులిజం వచ్చే ప్రమాదం ఉంది.

సంవత్సరానికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వేసవికి ముందు ఒకసారి, రేకులను తట్టి చూడండి. పెచ్చులు రాలుతున్న రేకును ఆ రోజే మార్చండి. ఉచితంగా దొరికిన రేకు కదా అని ఉంచుకుంటే, అది రాల్చిన ముక్క గేదె ప్రాణానికి రావచ్చు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో వానగాలి ఏ దిక్కు నుంచి ఎక్కువగా వస్తుంది? దానిని బట్టి రేకులు ఎటు నుంచి వేయాలి?

2. స్క్రూ రంధ్రం స్క్రూ కంటె పెద్దదిగా ఎందుకు ఉండాలి?

3. మన సభ్యుల ఇళ్లలో కోళ్లు గాడిలోకి రాకుండా ఎందరు ఏర్పాటు చేసుకున్నారు?

కార్యదర్శులు ఈ పాఠాన్ని సమావేశంలో చదివి వినిపించాలని, ముఖ్యంగా కోళ్లను చూసుకునే మహిళా సభ్యులు చర్చలో పాల్గొనేటట్లు చూడాలని కోరుతున్నాము.