చిప్ పక్కనే ఆ చిన్న కెపాసిటర్ ఎందుకు?

ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్‌తో అగ్గిపెట్టె కన్నా చిన్న బోర్డు గీస్తున్న పాఠకుడొకరు అడిగారు: చోటు చాలడం లేదు, అన్ని 100 నానోఫారడ్ కెపాసిటర్లకు బదులు ఒక్క పెద్దది పెడితే సరిపోదా?

సరిపోదు.

చిప్ లోపలి ట్రాన్సిస్టర్లు స్విచ్ అయిన ప్రతిసారీ కొన్ని నానోసెకన్ల పాటు కరెంటును గుప్పున లాగుతాయి. రెగ్యులేటర్ అంత వేగంగా అందించలేదు. ఊరి ట్యాంకు ఎంత పెద్దదైనా, వంటింట్లో బిందె నిండుగా ఉంటేనే ముంచగానే నీళ్లు దొరికేది. ఈ కెపాసిటరే ఆ బిందె. దాన్ని దూరంగా పెడితే దారే అడ్డవుతుంది. సన్నటి రాగి గీతకు మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. 10 మిల్లీమీటర్ల గీతలో కరెంటు 2 నానోసెకన్లలో 50 మిల్లీఆంపియర్లు మారితే పావు వోల్టు అక్కడే పోతుంది. 3.3 వోల్టుల చిప్‌కు అది చిన్న దెబ్బ కాదు.

48 కాళ్ల ప్యాకేజీని దగ్గరగా చూడండి: 23-24, 35-36, 47-48 కాళ్లలో గ్రౌండ్, సప్లై పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో జంటకు ఒక్కో 100 నానోఫారడ్, మొత్తం చిప్‌కు మరో 4.7 నుంచి 10 మైక్రోఫారడ్లు పెట్టాలని తయారీ సంస్థే చెబుతోంది. 9వ కాలు అనలాగ్ సప్లై. దానికి 1 మైక్రోఫారడ్, 10 నానోఫారడ్ విడిగా కావాలి.

చోటు కోసం 0402 సైజు వాడవచ్చు, బోర్డు అడుగువైపునా అతికించవచ్చు. అయితే చిన్న సైజు 10 మైక్రోఫారడ్ సిరామిక్ రకాలు వోల్టేజి పడగానే సామర్థ్యం బాగా కోల్పోతాయి. కొనేముందు తయారీదారు ఇచ్చిన గ్రాఫ్ తప్పక చూడండి.