తేటనీరంతా మంచినీరు కాదు

చిల్లగింజ అరగదీసి కలిపితే బురదనీరు తేరుకొంటుంది. ఇది మన పెద్దల అనుభవం. అయితే తేరిన నీటిలో రోగక్రిములు ఉండవనుకొనుట పొరపాటని నన్ను అడిగినవారికెల్ల చెబుతుంటాను.

2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన కుళాయినీరు తాగి పదిమందికి పైగా మరణించారు. అందులో కలరా క్రిమి బయటపడింది. ఇరుకు బస్తీలలో మంచినీటి గొట్టం, మురుగుగొట్టం పక్కపక్కనే సాగుతాయి. సరఫరా ఆగినపుడు గొట్టంలో ఒత్తిడి తగ్గి, పగుళ్ళగుండా మురుగు లోనికి చొరబడుతుంది. కుళాయికి మోటారు బిగించి లాగితే ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. కనుక మోటారు బిగించే మనమూ ఆ దోషంలో భాగస్థులమే.

కుళాయి వదలగానే వచ్చే తొలినీటిని తాగుటకు పట్టరాదు. నీటిని వడగట్టి, తెర్లిన పిదప మరొక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చవలెను. చేయి ముంచక, కాడగల గరిటెతో తీసుకొనవలెను. రాగిపాత్రలో 16 గంటలు నిలువ ఉంచిన నీటిలో కలరా క్రిమి నశించినట్లు 2012లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించారు. అయినను అది మరిగించుటకు బదులు కాదు.

విరేచనాలు పట్టుకొంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించవలెను. బియ్యం కడిగిన నీళ్ళవలె విరేచనమైతే గృహవైద్యంతో కాలయాపన చేయక, ఆ నీరు తాగిస్తూనే ఆస్పత్రికి చేర్చవలెను. మీ ఇంట పనిచేసే ఆమెకు ఈ సంగతి తప్పక తెలుపండి. ఆమె కుళాయి మీ కుళాయికన్న ప్రమాదంలో ఉంది.