వాగు ఒడ్డున గది వద్దు

చిట్టితల్లీ,

జూలై ఆఖరి వారంలో మీరిద్దరూ వయనాడ్ వెళ్తున్నారనీ, వానల రోజులు కాబట్టి అంత పెద్ద రిసార్టులో గది సగం ధరకే వస్తోందనీ, మంచం మీద నుంచే వాగు కనిపిస్తుందనీ రాశావు. రెండుసార్లు చదివాను. పెళ్లయ్యాక మీ ఇద్దరికీ కలిసి నాలుగు రోజులు సెలవు దొరకడం ఇదే మొదలు, వద్దనడానికి నాకు నోరు రావడం లేదు. ఖర్చు గురించి కూడా ఏమీ అనను. కానీ నీ ఉత్తరంలో ఈతకొలను ఉంది, స్పా ఉంది, భోజనంలో ఏమేం పెడతారో ఉంది. ఆ గది ఎలాంటి వాలు మీద ఉందో, దాని పైన ఏ కొండ ఉందో ఒక్క ముక్క లేదు. వానాకాలంలో కొండల్లో హోటల్ చూసుకునేవాళ్లు ముందు అడగాల్సింది అదే తల్లీ.

2024 జూలై 30 నీకు గుర్తుండే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక వయనాడ్‌లోనే మేప్పాడి పంచాయతీలో కొండచరియ విరిగి ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద పడింది. 200 మందికి పైగా పోయారు. అయితే కొండ విరిగింది ఆ ఊళ్లలో కాదు, ఎక్కడో పైన, ఇళ్లే లేని చోట. రాతి మీద పరుచుకున్న మట్టి ఆగకుండా వాన తాగితే బరువెక్కుతుంది, లోపలి నీటి ఒత్తిడికి రాతి మీద పట్టు వదిలేస్తుంది. అలా జారిన మట్టి, బండరాళ్లు, చెట్లు వాగు దారి పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ దిగి వచ్చాయి. కొట్టుకుపోయినవారి శరీరాలు పక్క జిల్లాలో, నిలంబూర్ దగ్గర చాలియార్ నదిలో దొరికాయి. గది కింద నేల గట్టిగా ఉంటే చాలదని నేననేది అందుకే. నువ్వు మంచం మీద నుంచి చూడాలనుకుంటున్న వాగే కొండ కిందికి దిగే దారి.

అంత డబ్బు పోసి కట్టినవాళ్లు ఇంజనీర్లను అడగకుండా కడతారా అంటావు. అడిగే ఉంటారు. కానీ వాళ్లు కట్టే గోడ వాళ్ల స్థలాన్నే కాస్తుంది, పై కొండ వాళ్ల చేతిలో లేదు. పైగా కొలను కోసం వాలు నరికి చదును చేస్తే కొండ పాదం బలహీనపడుతుంది. మేప్పాడి ఉన్న వైత్తిరి తాలూకా అతి సున్నిత ప్రాంతమని పశ్చిమ కనుమల మీద వేసిన మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లోనే చెప్పింది. ఏటా ఎంతోమంది వెళ్లి క్షేమంగా వస్తున్నారుగా అంటావేమో. వస్తున్నారు, నిజమే. కానీ 2019 ఆగస్టులో అదే మేప్పాడి పంచాయతీలోని పుత్తుమలలో కొండ జారింది, ఐదేళ్లు తిరక్కుండా ముండక్కై. మనుషులు నిద్రలో ఉండగా వచ్చే ప్రమాదాన్ని అరుదు అని పక్కన పెట్టలేం. అందరూ మానేస్తే అక్కడి జీపు డ్రైవర్లు, వంటవాళ్లు, హోంస్టేలు నడుపుకునేవాళ్లు ఏమైపోవాలి అని కూడా రాశావు. నీ మనసు నాకు తెలుసు, ఆ మాటా సబబే. అందుకే వయనాడ్ మానమనను, జనవరిలో వెళ్లమంటాను. కాఫీ కోతల కాలం, దారులు ఆరి ఉంటాయి. పూర్తి ధర కట్టినా నష్టం లేదు, తేడా నేనిస్తాను.

సెలవు మార్చుకోవడం కుదరకపోతే సుల్తాన్ బత్తేరి వైపు చూడండి. అటు వానా తక్కువ, నేలా కొంత చదును. బెంగళూరు నుంచి బందీపూర్ మీదుగా వెళ్తే ఆ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, మధ్యాహ్నానికే గుండ్లుపేట దాటేలా బయల్దేరండి. రెడ్ అలర్ట్ వస్తే డబ్బు వాపసు ఇస్తారో లేదో ముందే రాయించుకోండి. లేకపోతే కట్టిన డబ్బు పోతుందని వెళ్లాలనిపిస్తుంది. దిగగానే గది వెనక మట్టిని ఆపే గోడ దగ్గరికి అల్లుణ్ణి పంపు. నీళ్లు పోవడానికి అందులో కన్నాలు వదులుతారు. జోరువానలో అవి పొడిగా ఉంటే పూడిపోయాయని అర్థం. తేటనీరు కారుతుంటే పర్వాలేదు. నీళ్లు బురదగా మారినా, గోడ మీద కొత్త బీట కనిపించినా పెట్టె సర్దుకోవడానికి కూడా ఆగకుండా బయటికి వచ్చేయండి.

అడ్వాన్సు కట్టేముందు ఆ గది వెనకవైపు ఫొటోలు అడిగి తెప్పించి నాకు పంపు తల్లీ.

మీ పెదనాన్న